మా అపార్ట్‌మెంటు గాల్లో పోరంబోకు భూమి

పోయిన నెల ఒక శనివారం సాయంత్రం మా కింద ఫ్లాట్ మాస్టారు తలుపు కొట్టారు. ఆయన లెక్కల లెక్చరర్‌గా చేసి రిటైరయ్యారు. చేతిలో ఫోను, మొహంలో కాస్త మొహమాటం. "ఏమయ్యా, నువ్వు కంప్యూటర్లలో పని చేస్తావు కదా, మా ఇంట్లో ఈ వైఫై సంగతేంటో ఒకసారి చూస్తావా?" అన్నారు.

ఈ ప్రశ్న సాఫ్ట్‌వేర్ వాళ్ళందరికీ అనుభవమే. మనం ఆఫీసులో రాసేది బ్యాంకు వాళ్ళ కోడా, టెస్ట్ కేసులా అన్నదాంతో ఎవరికీ పని లేదు. ప్రింటర్ కదలకపోయినా, టీవీలో రంగులు మారినా మనల్నే పిలుస్తారు. సరే అని వెళ్ళాను.

మాస్టారి బాధ ఏంటంటే, రోజూ సాయంత్రం ఆరింటికి డల్లాస్ నుంచి మనవరాలు వీడియో కాల్ చేస్తుంది. అక్కడ పొద్దున్న, స్కూలు బస్సెక్కే ముందు ఓ పది నిమిషాలు. మూడు వారాలుగా ఆ పది నిమిషాల్లో ఎనిమిది నిమిషాలు పాప బొమ్మ నోరు తెరిచి అలాగే ఆగిపోతోందట. ఇంటర్‌నెట్ వాళ్ళని రెండుసార్లు పిలిచారు. వాళ్ళొచ్చి, రౌటర్ పక్కన నిలబడి స్పీడు కొలిచి, "లైను బానే ఉంది సార్" అని వెళ్ళిపోయారు. లైను నిజంగానే బాగుంది. చెడింది గాలి.

నా ఫోన్లో వైఫై ఎనలైజర్ ఉంది (ఆ పేరుతో రెండు మూడు యాప్‌లున్నాయి, నాది ఓపెన్ సోర్స్‌ది). తెరిచి పట్టుకుంటే చుట్టుపక్కల నెట్‌వర్కులన్నీ గ్రాఫులో కొండల్లా కనిపిస్తాయి. అడ్డంగా ఛానెల్ నంబర్లు, నిలువుగా సిగ్నల్ బలం. మాస్టారి హాల్లో 2.4 గిగాహెర్ట్జ్‌లో 31 కొండలున్నాయి. ఒకదాని మీద ఒకటి ఎక్కి, సంక్రాంతికి సికింద్రాబాద్ స్టేషన్లో జనరల్ బోగీలాగా ఉంది. ఆయన కాల్ మాట్లాడేది పడగ్గదిలో కూర్చుని. అక్కడికెళ్ళి చూస్తే మాస్టారి సొంత రౌటర్ 11వ ఛానెల్లో మైనస్ 67 డీబీఎంతో ఉంది. దాని పక్కనే, దాని సగం మీద కూర్చుని, మైనస్ 61తో ఇంకో కొండ. మిగతా వాటికి రెట్టింపు వెడల్పు. ఆయన పడగ్గదిలో ఆయన రౌటర్ కంటే గట్టిగా అరుస్తున్న ఆ నెట్‌వర్క్ పేరు చదివాను.

నాదే.

"చూస్తాను మాస్టారూ, కొంచెం టైం పడుతుంది" అని పైకొచ్చేసాను. నిజం చెప్పలేదు. పైకొచ్చాక కూడా వెంటనే రౌటర్ జోలికి పోలేదు. ముందు ఒక సందేహం తీరాలనిపించింది. గాల్లో ఇంత చోటుంటే, అపార్ట్‌మెంటు మొత్తం ఈ 83 మెగాహెర్ట్జ్ సందులోనే ఎందుకు ఇరుక్కుని కొట్టుకుంటున్నాం? ఆ సందు మనకి ఎవరిచ్చారు? ఇక చదవడం మొదలుపెడితే రెండు వారాంతాలు పోయాయి.

పోరంబోకు అనే మాట ఇప్పుడు తిట్టు అయిపోయింది గానీ, రెవెన్యూ లెక్కల్లో దానర్థం వేరు. ఎవరి పట్టాలోనూ లేని, శిస్తు రాని భూమి. ఊరి పశువులు మేసేదీ, సంత పెట్టుకునేదీ అందులోనే. మన వైఫై పుట్టింది సరిగ్గా అలాంటి చోట.

కథ 1945లో మొదలవుతుంది. అమెరికాలో రేథియాన్ అనే కంపెనీ యుద్ధానికి రాడార్ గొట్టాలు తయారు చేసేది. మాగ్నెట్రాన్ అంటారు వాటిని. అక్కడి ఇంజనీరు పెర్సీ స్పెన్సర్, ఆ గొట్టం దగ్గర నిలబడితే జేబులో ఉన్న తినుబండారం కరిగిపోవడం గమనించాడు. దాన్నే పెట్టెలో బిగించి 1947లో మైక్రోవేవ్ ఓవెన్ చేసి అమ్మారు. ఇప్పట్లా వంటింటి గట్టు మీద పట్టేది కాదు, దాదాపు మనిషంత ఎత్తు, బీరువా బరువు. అదే ఏడాది అట్లాంటిక్ సిటీలో ప్రపంచ దేశాల టెలికమ్యూనికేషన్ల సమావేశం జరిగింది. ఏ ఫ్రీక్వెన్సీలు ఎవరికి అని పంచుకునే సభ అది. అక్కడ కొన్ని ముక్కల్ని పక్కన పెట్టారు, పరిశ్రమలూ సైన్సూ వైద్యమూ వాడే యంత్రాల కోసం. అంటే మాట్లాడుకోవడానికి కాదు, వేడి చేసుకోవడానికి. 2450 మెగాహెర్ట్జ్ చుట్టూ ఉన్న ముక్క అందులో ఒకటి. ఓవెన్లు చేసే హోరుతో అక్కడ ఎలాగూ ఎవరూ మాట్లాడుకోలేరు కాబట్టి ఆ చెత్తనంతా ఒకే చోట పడేద్దాం అన్నట్టు.

(2.45 గిగాహెర్ట్జ్ దగ్గర నీటి అణువులు ప్రత్యేకంగా ఊగిపోతాయి, అందుకే ఓవెన్లకి అది ఎంచుకున్నారు అని మనకి ఇంజనీరింగులో చెప్పినవాళ్ళున్నారు. అది నిజం కాదు. నీళ్ళు అంతకంటే చాలా పైన, 20 గిగాహెర్ట్జ్ దగ్గర్లో ఎక్కువ పీల్చుకుంటాయి. 2.45 కేవలం పంపకాల్లో వచ్చిన నంబరు.)

తర్వాత దాదాపు నలభై ఏళ్ళు ఆ ముక్క అలాగే పడి ఉంది. ఓవెన్లు, వైద్యంలో వాడే వేడి యంత్రాలు... అంతే. ఆ టైంలో మిగతా గాలంతా కంచెలు పడింది. రేడియోకి, టీవీకి, మిలిటరీకి, పోలీసులకి, విమానాలకి. లైసెన్సు ఉన్నవాడే నోరు తెరవాలి, మిగతా వాళ్ళు మూసుకోవాలి. ఒక ఫ్రీక్వెన్సీలో ఇద్దరు మాట్లాడితే ఇద్దరిదీ వినపడదు కాబట్టి ఎవరో ఒకరికి పట్టా రాసివ్వాల్సిందే అన్నది అప్పటి నమ్మకం.

ఆ నమ్మకానికి మొదటి చిల్లు పెట్టినవాళ్ళు హవాయి యూనివర్సిటీ వాళ్ళు. 1971లో నార్మన్ అబ్రామ్సన్ బృందం అలోహానెట్ కట్టింది. దీవుల మధ్య టెలిఫోన్ లైన్లు బాగుండేవి కావు, అందుకని రేడియో. వాళ్ళ పద్ధతి వింటే నవ్వొస్తుంది. ఎవరికి పంపాలనిపిస్తే వాళ్ళు పంపెయ్యడమే. ఇద్దరివి గుద్దుకుంటే అవతలి నుంచి జవాబు రాదు. అప్పుడు ఎవరికి తోచినంత సేపు వాళ్ళు ఆగి మళ్ళీ పంపాలి. ఇలా చేస్తే ఛానెల్లో 18 శాతమే పనికొస్తుందని లెక్క తేలింది. ఐనా సరే, మధ్యలో పెద్దమనిషి లేకుండా, వంతులు వెయ్యకుండా ఒకే గాలిని పదిమంది వాడుకోవచ్చని అదే మొదటిసారి చూపించింది. రాబర్ట్ మెట్‌కాఫ్ దీన్ని చదివే, 1973లో జిరాక్స్‌లో ఈథర్నెట్‌కి రూపం ఇచ్చాడు. వైఫై కూడా ఆ వంశమే. కాకపోతే కొంచెం మర్యాద నేర్చుకుంది, మాట్లాడే ముందు చెవి పెట్టి వింటుంది.

ఇక అసలు మలుపు 1985. నా దృష్టిలో ఈ మొత్తం కథలో హీరో ఎవరైనా ఉంటే అది మైఖేల్ మార్కస్. ఈ పేరు మీలో ఎంతమంది విన్నారు? నేనైతే పోయిన నెల దాకా వినలేదు. కంపెనీ పెట్టలేదు, చిప్పు కనిపెట్టలేదు. ఎంఐటీలో చదివి, అమెరికా ప్రభుత్వ కమ్యూనికేషన్ల కమిషన్, అంటే ఎఫ్‌సీసీలో ఉద్యోగం చేసిన ఇంజనీరు. అప్పట్లో స్ప్రెడ్ స్పెక్ట్రం అనే పద్ధతిని ఎక్కువగా మిలిటరీయే వాడేది. మాటని ఒక సన్న ఫ్రీక్వెన్సీలో గట్టిగా అరవకుండా, వెడల్పుగా పరిచి మెల్లగా చెప్పడం. అలా పరిచింది పక్కవాడికి పెద్దగా అడ్డం రాదు, పక్కవాడి హోరుని కూడా కొంతవరకు తట్టుకుంటుంది. ఐతే మామూలు జనానికి ఇది ఎందుకివ్వకూడదు, అదీ లైసెన్సు లేకుండా, అన్నాడు మార్కస్. అప్పటికే స్పెక్ట్రం చేతిలో ఉన్నవాళ్ళు ఒప్పుకోలేదు. మా జాగాలోకి రావద్దన్నారు. చివరికి రాజీ ఏంటంటే, ఎలాగూ ఓవెన్ల చెత్త పడే చోటు ఉందిగా, అక్కడికి పొండి.

1985 మే 9న ఎఫ్‌సీసీ ఆ నిర్ణయం చేసింది. మూడు చెత్త బ్యాండ్లు తెరిచింది: 902 నుంచి 928, 2400 నుంచి 2483.5, 5725 నుంచి 5850 మెగాహెర్ట్జ్. ఒక వాటు లోపల ఎవరైనా వాడుకోవచ్చు. షరతులు రెండే. లైసెన్సు ఉన్నవాడికి నువ్వు అడ్డం రాకూడదు. నీకు ఎవడు అడ్డొచ్చినా నువ్వు నోరెత్తకూడదు. ఈ రెండో షరతు గుర్తు పెట్టుకోండి, మాస్టారి పడగ్గదికి మళ్ళీ వస్తాం.

ఇక్కడ హెడీ లమార్ కథ చెప్పకపోతే కొందరు ఊరుకోరు. హాలీవుడ్ నటి, 1942లో సంగీతకారుడు జార్జ్ యాంథీల్‌తో కలిసి ఫ్రీక్వెన్సీలు గెంతుతూ పంపే పద్ధతికి పేటెంట్ తీసుకుంది. పియానో మెట్లలాగే 88 ఫ్రీక్వెన్సీలు. అద్భుతమైన బుర్ర, సందేహం లేదు. కానీ ఏటా ఆవిడ పుట్టినరోజుకి వాట్సాప్‌లో తిరిగే "వైఫై కనిపెట్టిన నటి" అన్న మాట మాత్రం అతిశయోక్తి. మన ఫోన్లలో ఉన్న వైఫై గెంతదు, ఒక ఛానెల్లోనే కూర్చుంటుంది. గెంతేది బ్లూటూత్. పొగడాలంటే దానికి పొగడండి, బాగుంటుంది.

గేటు తెరిచారు, లోపలికి ముందుగా వచ్చిందెవరనుకుంటున్నారు? డబ్బులు లెక్కపెట్టే మిషన్ల కంపెనీ. ఎన్‌సీఆర్, అంటే నేషనల్ క్యాష్ రిజిస్టర్. పెద్ద దుకాణాల్లో సామాన్ల అమరిక మార్చినప్పుడల్లా బిల్లింగు కౌంటర్లు జరపాలి, జరిపినప్పుడల్లా వైర్లు తవ్వాలి. ఆ వైర్లు వదిలించుకుందామని నెదర్లాండ్స్‌లోని వాళ్ళ ఇంజనీర్లు వేవ్‌ల్యాన్ చేసారు. అక్కడి విక్ హేస్ 1990 నుంచి పదేళ్ళు ఐట్రిపులీ 802.11 కమిటీకి అధ్యక్షుడిగా ఉండి, ఒకరి మాట ఒకరు వినని కంపెనీలన్నిటినీ కూర్చోబెట్టి 1997లో మొదటి ప్రమాణం బయటికి తెచ్చాడు. వేగం 1 లేదా 2 ఎంబీపీఎస్. ఏడేళ్ళు మీటింగులు! మన స్ప్రింట్ ప్లానింగులు రెండు గంటలు సాగితేనే విసుక్కుంటాం. 1999లో 11 ఎంబీపీఎస్‌తో 802.11బి వచ్చింది, ఆపిల్ దాన్ని ఎయిర్‌పోర్ట్ పేరుతో ఐబుక్‌లో పెట్టింది, అదే ఏడాది కంపెనీలన్నీ సంఘం పెట్టుకుని వైఫై అని పేరు పెట్టించుకున్నాయి. 2003లో ఇంటెల్ సెంట్రినోతో ప్రతి ల్యాప్‌టాప్‌లోకీ ఎక్కింది. ఆ తర్వాత సంగతి మీకు తెల్సు.

ఇప్పుడు ఆ గ్రాఫులోని ఛానెళ్ళ సంగతి. 2.4లో 1 నుంచి 13 దాకా నంబర్లున్నాయి (జపాన్‌లో 14 కూడా ఉంది, అది వాళ్ళ ప్రత్యేకం). నంబరుకీ నంబరుకీ దూరం 5 మెగాహెర్ట్జ్. కానీ ఒక్కో వైఫై సిగ్నల్ వెడల్పు 20 నుంచి 22. అంటే ఐదడుగుల దూరంలో గుంజలు పాతి, ఒక్కో గుంజకి ఇరవై అడుగుల గేదెని కట్టేసినట్టు. ఒకదాన్నొకటి తొక్కుకోకుండా కట్టాలంటే 1, 6, 11... మూడే. పదమూడు నంబర్లు చూపించి మూడు సీట్లు ఇచ్చారన్నమాట. ఇది మోసం కాదు. 1999లో ఒక చోట మూడు కంటే ఎక్కువ నెట్‌వర్కులు ఉంటాయని ఎవరి ఊహకీ అందలేదు.

మరి మన దేశం? మన దగ్గర గాలి మీద పట్టా ఇంకా గట్టిది. 1933 నాటి బ్రిటిష్ వాళ్ళ వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా వైర్‌లెస్ పరికరం దగ్గర ఉంచుకోవడమే నేరం. వాడడం కాదండీ, ఉంచుకోవడమే. మా తాతయ్య పెట్టెలో ఒక చిన్న పుస్తకం ఉండేది, రేడియో లైసెన్సు. ఏటా పోస్టాఫీసులో డబ్బు కట్టి ముద్ర వేయించుకోవాలి. మా నాన్న దాన్ని చూపించి చెప్పేదాకా, పాటలు వినడానికి లైసెన్సేంటి అని నేను నమ్మలేదు. 1980ల్లో అది రద్దయింది గానీ చట్టం మాత్రం అలాగే ఉంది. దాని స్థానంలో కొత్త టెలికమ్యూనికేషన్ల చట్టం చేసింది 2023లో.

దీన్ని కదిలించింది క్రికెట్ అంటే ఆశ్చర్యపోకండి. 1993 నవంబర్లో హీరో కప్. దక్షిణాఫ్రికాతో సెమీఫైనల్లో సచిన్ వేసిన ఆఖరి ఓవరు, వెస్టిండీస్‌తో ఫైనల్లో కుంబ్లే 12 పరుగులకి 6 వికెట్లు... నేను పుట్టకముందువి, ఐనా వందసార్లు చూసుంటాను. ఆ మ్యాచ్‌లు ఎవరు ప్రసారం చెయ్యాలని బెంగాల్ క్రికెట్ సంఘానికీ దూరదర్శన్‌కీ కేంద్రానికీ గొడవ. సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1995 ఫిబ్రవరి 9న తీర్పు: గాలి తరంగాలు ప్రజల ఆస్తి. ప్రభుత్వం సొంత ఆస్తి కాదు, ప్రజల తరఫున చూసుకునే బాధ్యత మాత్రమే దానిది. ఆ తీర్పిచ్చిన ముగ్గురు న్యాయమూర్తుల్లో, ఈ విషయాన్ని విడిగా వివరంగా రాసినవారు బి.పి. జీవన్ రెడ్డి. ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో ఏళ్ళ తరబడి జడ్జిగా చేసి వెళ్ళినవారు. మన ఇంట్లో రౌటర్ పెట్టుకోవడానికీ ఆ తీర్పుకీ చట్టపరంగా నేరుగా లంకె వెయ్యలేం. ఐనా ఆ మాట తెలుగు న్యాయమూర్తి కలం నుంచి కూడా వచ్చిందని తెలిసి నాకు భలే సంతోషమేసింది.

వైఫైకి మన ప్రభుత్వం గేటు తెరిచింది 2005 జనవరి 28న. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండులో తక్కువ శక్తి పరికరాలకి లైసెన్సు అక్కర్లేదని గెజిట్‌లో వేసారు. అమెరికా కంటే ఇరవై ఏళ్ళు ఆలస్యం. షరతులు మాత్రం అవే: ఎవరికీ అడ్డం రాకూడదు, నీకు రక్షణ ఉండదు, అందరితో పంచుకోవాలి. బయట కూడా వాడుకునేలా 5 గిగాహెర్ట్జ్‌లో 605 మెగాహెర్ట్జ్ తెరిచింది 2018 అక్టోబర్లో. 2.4లో ఉన్నదానికి ఏడు రెట్లు. ఆ పైన 6 గిగాహెర్ట్జ్ దగ్గర అమెరికా 2020లో 1200 మెగాహెర్ట్జ్ ఇచ్చేసింది. మన దగ్గర 2025 మేలో అందులో 500కి ముసాయిదా నిబంధనలొచ్చాయి.

ఇంత చదివాక నాకు ఇంకో ప్రశ్న వచ్చింది. ఈ పోరంబోకులో ఎవరెక్కడ కూర్చున్నారో చూసే కన్ను మనకి ఎప్పుడొచ్చింది? 2001లో నెట్‌స్టంబ్లర్ అనే విండోస్ ప్రోగ్రాం ఉండేది. ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని కార్లో ఊరంతా తిరుగుతూ నెట్‌వర్కులు లెక్కపెట్టడం అప్పట్లో అమెరికా కుర్రాళ్ళకి సరదా. జేబులో ఫోనుతో చూడడం ఆండ్రాయిడ్ వచ్చాకే మామూలైంది. ఐఫోన్లో కూడా అలాంటి యాప్‌లు ఉండేవి, 2010 మార్చిలో ఆపిల్ వాటిని స్టోర్ నుంచి తీసేసింది, లోపలి ఫ్రేమ్‌వర్కులు వాడుతున్నారని.

సరిగ్గా మూడు నెలలకి, 2010 జూన్ 7న, స్టీవ్ జాబ్స్ వేదిక మీద ఐఫోన్ 4 చూపిస్తున్నాడు. వెబ్ పేజీ తెరుచుకోవడం లేదు. ప్రపంచమంతా చూస్తోంది. కాసేపటికి తిరిగొచ్చి చెప్పాడు, ఈ హాల్లో 570 వైఫై బేస్ స్టేషన్లు నడుస్తున్నాయి, మీ ల్యాప్‌టాపులు మూసి కింద పెట్టండి, అప్పుడే డెమో ముందుకెళ్తుందని. వచ్చిన జర్నలిస్టులూ బ్లాగర్లూ తలా ఒక జేబు హాట్‌స్పాట్ ఆన్ చేసుకుని కూర్చున్నారు మరి. ఎంత డబ్బున్నా, ఎంత పేరున్నా ఆ గాల్లో జాబ్స్‌కి ఎవరి మీదా హక్కు లేదు. బతిమాలుకోవాల్సిందే. మాస్టారి మొహమాటం గుర్తొచ్చింది నాకు.

ఆండ్రాయిడ్‌లో ఆ కన్ను ఇప్పటికీ ఉంది గానీ కొంచెం మూసారు. నెట్‌వర్కుల జాబితా చూస్తే మనిషి ఎక్కడున్నాడో చెప్పెయ్యొచ్చు కాబట్టి 2015 నుంచి లొకేషన్ అనుమతి అడుగుతుంది. 2018లో ఆండ్రాయిడ్ 9 నుంచి రెండు నిమిషాలకి నాలుగుసార్లే స్కాన్ చెయ్యనిస్తుంది. మీ గ్రాఫు కదలకుండా బిగుసుకుపోయిందంటే యాప్ తప్పు కాదు. డెవలపర్ ఆప్షన్లలో ఆ కట్టడి తీసెయ్యొచ్చు. ఐఫోన్‌లో ఆపిల్ సొంత ఎయిర్‌పోర్ట్ యుటిలిటీలోనే వైఫై స్కానర్ ఉంది, ఫోన్ సెట్టింగుల్లోకి వెళ్ళి ఆన్ చెయ్యాలి. గ్రాఫు రాదు, నంబర్లు చూపిస్తుంది, చాలు.

కానీ ఆ గ్రాఫుని చదవడం దగ్గర చాలామంది పప్పులో కాలేస్తారు. నేనూ వేసాను. 1, 6, 11 నిండిపోయాయి, 3 ఖాళీగా ఉంది, అక్కడికి పోదాం అనిపిస్తుంది. అది అన్నిటికంటే చెడ్డ పని. ఒకే ఛానెల్లో ఉన్న రెండు రౌటర్లు ఒకదాని మాట ఒకటి అర్థం చేసుకుంటాయి, వంతులేసుకుంటాయి. మైనస్ 82 డీబీఎం అంత సన్నగా వినపడినా ఆగుతాయి. అదే సగం సగం కలిసే ఛానెల్లో అయితే అవతలిది మాటగా వినపడదు, వట్టి చప్పుడు. చప్పుడు మైనస్ 62 దాటితేగానీ ఆగక్కర్లేదని ప్రమాణంలోనే ఉంది. తేడా 20 డీబీ, అంటే వంద రెట్లు. మూడో ఛానెల్లో కూర్చున్నవాడు 1 వాళ్ళ మీదా 6 వాళ్ళ మీదా ఒకేసారి హోరు పోస్తాడు. కొండల సంఖ్య చూసి కూడా బెదరక్కర్లేదు. ఎవరెంతసేపు మాట్లాడుతున్నారన్నది ముఖ్యం, అది కొన్ని యాప్‌లలో మాత్రమే, రౌటర్ చెప్తేనే కనిపిస్తుంది. ఓవెన్ అసలు కనిపించదు. ఫోన్లోని వైఫై చిప్పు వైఫై భాషే చదవగలదు, పాలు కాగబెట్టే మిషన్ ఆ భాష మాట్లాడదు. ఆస్ట్రేలియాలో పార్క్స్ రేడియో టెలిస్కోపు వాళ్ళే, 1998 నుంచి రికార్డవుతూ వచ్చిన వింత సిగ్నళ్ళు, పూర్తిగా ఆగకముందే తలుపు తీసిన మైక్రోవేవ్ ఓవెన్‌వి అని 2015లో తేల్చుకున్నారు. మనమెంత :)

ఇక నా నేరం. ఆ రౌటర్ కొత్తగా కొన్నప్పుడు ఏదో వీడియో చూసి, 2.4లో ఛానెల్ వెడల్పు 40కి పెట్టాను. పక్కవాళ్ళు ఉంటే రౌటర్ దానంతటదే 20కి తగ్గాలని ప్రమాణంలో మర్యాద ఉంది. ఆ మర్యాదని ఆపేసే గడి కూడా సెట్టింగుల్లో ఉంది, దాన్నీ నొక్కాను. శక్తి గరిష్ఠం. మూడు సీట్ల బస్సులో రెండు సీట్ల మీద తువ్వాలు వేసాను. దానికి తోడు రోజూ ఆరింటికి ఆఫీసు బ్యాకప్ మొదలయ్యేలా పెట్టుకున్నది నేనే. చట్టం ప్రకారం నేను తప్పు చెయ్యలేదు. మాస్టారికి రక్షణ లేదు, ఆయన ఎవరికీ ఫిర్యాదు చెయ్యలేరు. 1985 నాటి రెండో షరతు అదే కదా.

మూడో వారం కిందకెళ్ళి చెప్పేసాను. "మాస్టారూ, అది నా రౌటరే."

ఆయన కోప్పడలేదు. గ్రాఫు చూపించమన్నారు. డీబీఎం అంటే ఏంటన్నారు. లాగరిథం స్కేలు, ఆరు డీబీ తేడా అంటే నాలుగు రెట్లు అన్నాను. "అంటే నా పడగ్గదిలో నీది నాకంటే నాలుగు రెట్లు. ముప్ఫై ఐదేళ్ళు లాగరిథమ్స్ చెప్పాను, ఎందుకు పనికొస్తాయి సార్ అని అడిగేవాళ్ళు" అని నవ్వారు. తర్వాత పెన్ను తీసారు. ఒక్కో రౌటర్ "నేనున్నాను" అని సెకనుకి సుమారు పదిసార్లు చాటింపు వేస్తుంది. చాలా రౌటర్లు 2.4లో ఆ చాటింపుని ఇప్పటికీ 1997 నాటి 1 ఎంబీపీఎస్‌లోనే వేస్తాయి, పాత పరికరాలకి అర్థం కావాలని. చాటింపు 300 బైట్లనుకుంటే రెండున్నర మిల్లీసెకన్లు. 11వ ఛానెల్లో పన్నెండు రౌటర్లున్నాయి. "ఏమయ్యా, ఎవరూ ఏమీ మాట్లాడకుండానే మూడో వంతు దాకా చాటింపులకే పోతోందే!" అన్నారు. నాకు ఆ లెక్క అప్పటిదాకా తట్టలేదు.

నాది 20కి తగ్గించాను, శక్తి సగం చేసాను, నా ల్యాప్‌టాపులన్నీ 5 గిగాహెర్ట్జ్‌కి మార్చాను. అది స్లాబు దాటి పెద్దగా పోదు. 2.4లో నాది 1కి జరిపాను. బ్యాకప్ అర్ధరాత్రికి. ఆయన రౌటర్‌ని టీవీ వెనకనుంచి తీసి పడగ్గది గుమ్మం పైన పెట్టాం. సోమవారం ఆరు పదికి కింద నుంచి పాప నవ్వు వినిపించింది.

నిన్న మళ్ళీ స్కాన్ చేస్తే 3వ ఛానెల్లో కొత్త కొండ. 501లోకి దిగిన కుర్రాళ్ళది అనుకుంటా, పేరు "అడగొద్దు". మాస్టారు కూడా ఆ యాప్ వేసుకున్నట్టున్నారు, స్క్రీన్‌షాట్ పంపారు, 3 చుట్టూ ఎర్ర సున్నా చుట్టి. ఆదివారం ఇద్దరం కలిసి వెళ్ళి తలుపు కొడతాం.